రొట్టె మానిపించిన డాక్టరమ్మ

అవనిగడ్డలో డాక్టరమ్మ జ్ఞాపకార్థ కూడికకి వెళ్ళాను. మైకు ముందుకొచ్చిన వాళ్ళందరూ ఆవిడ శాంతమూర్తి అన్నారు. మృదుభాషిణి అన్నారు. చీమకైనా హాని తలపెట్టని మనిషి అన్నారు. ఈ ఆఖరి మాట నిజమే. చీమల జోలికి ఆవిడ వెళ్ళేవారు కారు. మనుషుల జోలికి, అందులోనూ పెద్ద కుర్చీల్లో కూర్చున్న మనుషుల జోలికి, తీరుబాటు చేసుకుని మరీ వెళ్ళేవారు.

పోయిన వాళ్ళని పటం కట్టేటప్పుడు వాళ్ళ కోపాన్ని తుడిచేస్తాం. ఆవిడ కోపాన్ని తుడిచేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నేను బతికి ఇన్నేళ్ళు అన్నం తిన్నది ఆ కోపం పుణ్యమే.

మాది గుడివాడ. నాన్న అక్కడ బళ్ళో లెక్కలు చెప్పేవారు. అవి యాభైల్లో మాట. నాకు మూడో ఏడు దాటినప్పటి నుంచీ కడుపు కుండలా ఉబ్బి, కాళ్ళూ చేతులూ పుల్లల్లా అయిపోయాయట. పిర్రల్లో కండ లేక, పీట మీద కూర్చోబెడితే ఏడ్చేదాన్నట. విరోచనాలు తెల్లగా, జిడ్డుగా, ఇల్లంతా ముక్కు మూసుకునేలా ఉండేవట. ఘంటసాలలో ఉండే మా నాయనమ్మ వచ్చి చూసి, ఇది పక్షిదోషం, ఏదో పిట్ట నీడ పిల్ల మీద పడింది, తాయెత్తు కట్టించండి అంది. మనం క్రైస్తవులం, తాయెత్తులేమిటని నాన్న. కట్టించుకుంటే దేవుడేమీ అనుకోడని నాయనమ్మ. వాళ్ళిద్దరూ వాదించుకుంటూ ఉండగా నేను ఇంకొంచెం చిక్కిపోయాను.

చూపించిన డాక్టర్లందరూ ఒకే మాట చెప్పారు. పిల్లకి అన్నం అరగటం లేదు, తేలికైన తిండి పెట్టండి అని. ఆ రోజుల్లో మా వైపు రొట్టె అంటే జబ్బు మనిషి తిండి. ఎవరింట్లోనైనా బల్ల మీద రొట్టె కనిపిస్తే, ఎవరికండీ బాగాలేదు అని అడిగేవారు. అలా పొద్దున పాలూ రొట్టె, మధ్యాహ్నం గోధుమరవ్వ జావ, సాయంత్రం బార్లీనీళ్ళు, ఏడిస్తే బిస్కెట్టు. చిక్కినకొద్దీ రొట్టె పెట్టారు. రొట్టె పెట్టినకొద్దీ చిక్కిపోయాను. ఇంట్లో అందరూ అన్నం తింటుంటే నేను వాళ్ళ కంచాల వంక చూసేదాన్నని అమ్మ చెప్పి, చెప్పిన ప్రతిసారీ కళ్ళు తుడుచుకునేది.

చివరికి అమ్మ నన్ను రైల్లో బందరు తీసుకెళ్ళింది. అక్కడ మిషన్ వాళ్ళు నడిపే ఒక చిన్న ఆసుపత్రిలో పిల్లల వార్డు ఆవిడ చూసేవారు.

మనిషి పొట్టి. నలుపు. నడిచొస్తుంటే చెప్పుల చప్పుడు వార్డు అవతలి కొస దాకా వినిపించేది. పిల్లల కడుపు మీద చెయ్యి వేసే ముందు రెండు అరచేతులూ తన చీర కుచ్చెళ్ళకేసి గట్టిగా రుద్దుకుని వెచ్చబెట్టుకునేవారు. ఎవరినైనా తిడుతూ ఉన్నా సరే, తిట్టు ఆపకుండానే చేతులు వెచ్చబెట్టుకోవటం మాత్రం మరిచిపోయేవారు కారు. నాకు ఆవిడ గురించి గుర్తున్న మొట్టమొదటి సంగతి ఆ వెచ్చటి చేతులూ, పైనుంచి వినిపించే ఆ కటువైన గొంతూను.

ఆవిడకి ఊతపదం ఒకటుండేది. ఎవరేం చెప్పినా, "ఎవరు చెప్పారు?" అనేవారు. పిల్లకి అన్నం అరగదండీ అని అమ్మ చెప్పింది.

"ఎవరు చెప్పారు?"

"డాక్టర్లందరూ చెప్పారండీ."

"వాళ్ళలో ఎవరైనా దీని మలం చూశారా?"

అమ్మ తల అడ్డంగా ఊపింది.

"నేను చూస్తాను," అన్నారు ఆవిడ.

అన్నట్టే చూశారు. వార్డు వెనక ఎండలో గిన్నె పెట్టించి, నీళ్ళు పోసి, పుల్లతో కదిపి, అది తేలుతోందా మునుగుతోందా, నీళ్ళ మీద నూనెపొర కడుతోందా అని వంగి చూసేవారు. ఒక్క నాదే కాదు, వార్డులో పిల్లలందరిదీ. నర్సులు కొంగులు ముక్కులకి అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడేవారు. ఆసుపత్రి పెద్ద డాక్టరుగారు ఒకనాడు అటు వస్తూ ఆవిడని అలా చూశారు. చూసి, ఆవిడకి వినపడేలాగే, ఎంత చదివినా పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుందని నర్సులతో అన్నారు. ఆవిడ పుట్టింది నాగాయలంక అవతల ఒక పల్లెలో, ఊరి బయట పేటలో. తల్లీ తండ్రీ నాట్లకీ కోతలకీ వెళ్ళి చదివించారు. ఆ మాటకి అర్థం ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు.

ఆవిడ పుల్ల కింద పెట్టలేదు. వంగినవారల్లా తలెత్తి, "పోనివ్వనండి. అదీ పోతే ఈ పిల్లల కడుపులో ఏముందో ఎవరు చూస్తారు?" అన్నారు.

అమ్మ ఆ రోజు కిటికీలోంచి ఇదంతా చూసింది. డాక్టరమ్మ మీద తనకి గురి కుదిరింది ఆవిడ చదువు చూసి కాదనీ, ఆ జవాబు విన్నాకేననీ తర్వాత తరచూ అనేది.

ఆవిడకి పైదేశాల వైద్య పత్రికలు వచ్చేవి. ఓడలో వచ్చేసరికి నెలలు గడిచిపోయేవి. వాటిలో ఒకదాంట్లో, కొందరు పిల్లల పేగుకి గోధుమ పడదనీ, గోధుమ మానిపిస్తే ఆ పిల్లలు తేరుకుంటున్నారనీ చదివారట. మా అమ్మని పిలిచి, రేపటినుంచి రొట్టె, రవ్వ, బిస్కెట్టు, బార్లీ అన్నీ బంద్ అన్నారు. గంజితో మొదలుపెట్టి మెత్తటి అన్నం, చక్కెరకేళి అరటిపండు, మజ్జిగ, ఆ తర్వాత చేప ఉడికించిన నీళ్ళు. అమ్మ హడలిపోయింది. నలుగురు డాక్టర్లు వద్దన్న అన్నం పెట్టి పిల్లని చంపుకుందంటారని ఏడ్చింది.

"చచ్చిపోతే ఏం చెయ్యనండీ?"

"రొట్టె తింటూ బతుకుతోందా?" అన్నారు ఆవిడ.

పక్కన కూర్చుని, అమ్మకి తెలిసిన భాషలో చెప్పారు. నారు చచ్చిన మడికి ఎంత నీరు పెట్టినా లాభం లేదు, నీ పిల్ల పేగు లోపల అలా ఉంది, గోధుమ తగిలినప్పుడల్లా ఉన్న నారు కూడా చస్తోంది, ముందు అది ఆపితే నారు దానంతటదే లేస్తుంది అని. అమ్మ ఘంటసాల కోడలు. మడి సంగతి తెలుసు. సరేనంది.

అన్నిటికంటే ముందు నా ఏడుపు తగ్గిందట. ఎప్పుడూ గోడవైపు తిరిగి పడుకునేదాన్ని, ఇటు తిరిగానట. తర్వాత ఆకలి. తర్వాత మాటలు. కడుపు మాత్రం తీరిగ్గా తగ్గింది. బుగ్గల్లో కండ వచ్చేసరికి పక్క మంచం ఆవిడ నన్ను ఎత్తుకుని వార్డంతా తిప్పింది.

ఆ పక్క మంచం ఆవిడది పాలకాయతిప్ప. మొగుడు సముద్రం మీదికి వెళ్తాడు, తను చేపలు అమ్ముతుంది. ఆవిడ కొడుక్కీ నాలాంటి కడుపే. వాడు పుట్టాక రొట్టె మొహం చూడలేదు. పెద్ద డాక్టరుగారు అది పట్టుకున్నారు. గోధుమ తినని వాడికీ ఇదే కడుపు వచ్చింది కదా, మరి నీ సిద్ధాంతం ఏమైంది అని అందరి ముందూ అడిగారు. రెండు కడుపులు ఒక్కలా ఉబ్బితే కారణం ఒక్కటే కావాలని ఎవరు చెప్పారని ఆవిడ తిరిగి అడిగారు. ఆ పిల్లాడి కడుపులో ఉన్నవి ఏలికపాములు. మందు పోస్తే చక్కబడ్డాడు. అన్నిటికీ గోధుమే కారణమని ఆవిడ ఏనాడూ అనలేదు. చూడకుండా చెప్పొద్దని మాత్రమే అన్నారు.

నేను ఇంటికి వెళ్ళే రోజు దగ్గరపడ్డాక పెద్ద డాక్టరుగారు నా మంచం దగ్గరికి వచ్చారు. పిల్ల బాగుపడింది, సంతోషం అన్నారు. కాని రొట్టె మానేసినందుకే బాగుపడిందని ఎలా చెప్తావని ఆవిడని అడిగారు. ఇంజక్షన్లు ఇచ్చాం, టానిక్కు ఇచ్చాం, వాటి వల్ల కావచ్చు. అసలు ఇది తెల్లవాళ్ళ జబ్బు, అన్నం తినే కృష్ణాజిల్లాలోకి ఎలా వస్తుంది? మళ్ళీ కొన్నాళ్ళు రొట్టె పెట్టి చూడు, విరోచనాలు తిరగబెడితే అప్పుడు ఒప్పుకుంటాను అన్నారు.

అమ్మ నన్ను గట్టిగా పట్టుకుంది. డాక్టరమ్మ ఒప్పేసుకుంటుందేమోనని భయపడిందట.

"మీరడిగింది న్యాయమేనండి. రుజువంటే అదే. నాకూ తెలుసు," అన్నారు ఆవిడ. "కాని పెట్టను."

"అలాగైతే నీ మాటకి విలువ లేదు."

"లేకపోతే పోనీయండి. పిల్ల ఉంది."

అన్నంత పనీ అయింది. ఆవిడ నా జబ్బు గురించి రాసిన వ్యాసాన్ని మద్రాసులో వైద్య పత్రిక పెద్దలు వెనక్కి తిప్పేశారు. తిరిగి గోధుమ పెట్టి చూడలేదు కాబట్టి ఏమీ తేల్చలేమన్నారట. ఆవిడ ఆ సంగతి మా అమ్మకి నవ్వుతూ చెప్పారు. ఆ నవ్వులో బాధ ఉందో లేదో నాకు తెలియదు. ఉండే ఉంటుంది. ఎంత ఇష్టపడి రాశారో ఎవరికి తెలుసు. రుజువు కావాలనీ ఉంది, నన్ను మళ్ళీ ఆ మంచంలో పడెయ్యకూడదనీ ఉంది. రెండూ కుదరనప్పుడు ఏది వదులుకోవాలో తేల్చుకుని, వదిలేశాక దాని గురించి మూలగలేదు.

ఆవిడ పెట్టనన్న పరీక్ష మా మావయ్య పెట్టాడు. ఆయన బిస్కెట్ల పొట్లం లేకుండా మా ఇంటికి వచ్చేవాడు కాదు. పిల్ల నోరు కట్టేశారని అమ్మ మీద ఎగిరి, రోజూ సాయంత్రం నన్ను స్టేషను వైపు షికారు తీసుకెళ్ళి, బెంచీ మీద కూర్చోబెట్టి తినిపించాడు. మావయ్య వెళ్ళేలోపలే నేను మళ్ళీ మంచమెక్కాను. అమ్మ నన్ను ఎత్తుకుని బందరు పరుగెత్తింది. జరిగింది విని ఆవిడ మావయ్యని పిలిపించారు. ఆయన జూట్‌మిల్లు మేస్త్రీ, ఆరడుగుల మనిషి. వార్డు బయట వరండాలో ఆయన్ని నిలబెట్టి తిట్టిన తిట్లకి రోగులు మంచాలు దిగి వచ్చి విన్నారట. మావయ్య చివరికి తలొంచుకుని, "నాకు తెలవదండీ డాక్టరమ్మగారూ. ముద్దుకొద్దీ పెట్టానండి," అన్నాడు. ఆవిడ ఒక్కసారిగా చల్లబడి, వెళ్ళి చక్కెరకేళి గెల ఒకటి పట్టుకురా, ముద్దంతా దాంతో తీర్చుకో అన్నారు.

పెద్ద డాక్టరుగారికి ఇది చెబితే, ఒక్కసారి చాలదన్నారు.

తర్వాత కొంత కాలానికి ఆవిడ ఆ ఆసుపత్రి వదిలేశారు. మానేశారో మానిపించారో రెండు రకాలుగానూ విన్నాను. మోపిదేవి దగ్గర ఒక పెంకుటిల్లు తీసుకుని, అరుగు మీదే పిల్లల్ని చూసేవారు. దేవుడికి మొక్కు తీర్చుకోటానికి వచ్చిన తల్లులు గుళ్ళోంచి తిన్నగా పిల్లల్ని ఆవిడ అరుగు మీదికి తెచ్చేవారు. అక్కడ మొక్కారు కదా, ఇక్కడికెందుకు వచ్చారని ఆవిడ ఎవరినీ అడగలేదు. అరవైల్లో బళ్ళల్లో అమెరికా గోధుమనూక ఉప్మా పెట్టటం మొదలయ్యాక మాత్రం ఆవిడకి దివిసీమ హెడ్మాస్టర్లలో సగం మంది శత్రువులయ్యారు. కడుపు ఉబ్బి ఎండిపోతున్న పిల్లలు ఒక్కరైనా ఉంటే, వాళ్ళకి ఉప్మా ఆపి తన దగ్గరికి పంపమని బడి బడికీ తిరిగేవారు. ఉచితంగా వచ్చిన తిండికి వంక పెడుతోందని ఊళ్ళో పేరొచ్చింది. ఆవిడ దాన్నీ మోశారు.

ఈలోగా నేను పెద్దదాన్నయ్యాను. కన్ఫర్మేషన్ అయింది. అది అయితే ఆదివారం ఆరాధనలో ప్రభువు బల్ల దగ్గర మోకరించి, పెద్దవాళ్ళతోపాటు రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవచ్చు. ఆ రొట్టె గోధుమదే.

అమ్మ భయపడుతూనే పాస్టరుగారికి సంగతి చెప్పింది. ఆయన వయసులో చిన్నవారు, మంచివారు. వేలిగోరంత ముక్క ఏం చేస్తుందమ్మా, ప్రభువు పేరు చెప్పి ఇచ్చింది హాని చేస్తుందా అన్నారు. అమ్మ అటూ ఇటూ కాకుండా ఇంటికొచ్చింది. వద్దంటే విశ్వాసం లేదంటారు. సరే అంటే మళ్ళీ ఆ రోజులు గుర్తొస్తాయి. డాక్టరమ్మకి కబురు పంపింది.

ఆవిడ చల్లపల్లిలో బస్సు మారి గుడివాడ వచ్చారు. మంచినీళ్ళయినా తాగకుండా నన్నడిగారు, నీకేం కావాలి అని. నిజం చెప్పాను. నాకు పద్నాలుగేళ్ళు. పెళ్ళిళ్ళలో, పుట్టినరోజుల్లో, బడి పిక్నిక్కుల్లో అందరూ తినేది తినకుండా చేతులు కట్టుకుని నిలబడి విసిగిపోయాను. గుళ్ళో కూడా నేనొక్కదాన్నే వేరుగా ఉండటం కన్నా జబ్బు పడటమే నయమనిపించింది.

"అందరిలాగా ఉండాలండీ," అన్నాను.

ఆవిడకి కోపం వచ్చింది. "అందరిలాగా ఉంటే నువ్వు అయిదో ఏటే పోయేదానివి. అందరూ రొట్టె పెట్టమన్నారు. మీ అమ్మ ఒక్కతీ వేరుగా ఉండబట్టి నువ్వు నాకు ఎదురు నిలబడి మాట్లాడుతున్నావు."

అమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. అమ్మని అలా ఎవరూ ఎప్పుడూ మెచ్చుకోలేదు.

ఆ సాయంత్రం ఆవిడ మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకుని పాస్టరుగారింటికి వెళ్ళారు. అక్కడ ఆవిడ గొంతు పెంచలేదు. మనం రోజూ చేసే ప్రార్థనలో అనుదినాహారం ఇమ్మని అడుగుతున్నాం, ఇంగ్లీషులో ఉన్న రొట్టె అనే మాట తెలుగులో ఎక్కడుందో చూపించమన్నారు. పాస్టరుగారు ఇబ్బందిగా నవ్వారు. ప్రభువు విరిచింది రొట్టేనమ్మా అన్నారు.

"ఆ దేశంలో గోధుమ పండింది, గోధుమ రొట్టె విరిచాడు. కృష్ణ ఒడ్డున పుట్టుంటే ఏం విరిచేవాడండీ?"

పాస్టరుగారు సంఘ పెద్దల్ని అడిగి చెప్తానన్నారు. పెద్దల్ని అడిగారు. వాళ్ళు కుదరదన్నారు. ఒక పిల్ల కోసం ఆచారం మారిస్తే రేపు ఇంకొకరు ఇంకొకటి అడుగుతారన్నారు. ఆదివారం వరకు డాక్టరమ్మ మా ఇంట్లోనే ఉండిపోయారు. ఇక ఏం చెయ్యమనిగాని, ఏం చెయ్యొద్దనిగాని నాకు చెప్పలేదు. ఆ ఊరుకోవటం నన్ను తిట్టిన తిట్టుకంటే ఎక్కువ బాధించింది.

ఆదివారం పొద్దున నేను వంటింట్లోకి వెళ్ళి, బియ్యప్పిండిలో వేణ్ణీళ్ళు పోసి పిసికి, పెనం మీద చిన్న రొట్టె ఒకటి తట్టాను. ఎందుకని అమ్మ అడగలేదు. చల్లారాక తన రుమాలు తెచ్చి ఇచ్చింది.

గుళ్ళో నా వంతు వచ్చింది. నలుగురు ఆడవాళ్ళ మధ్య మోకరించాను. పాస్టరుగారు పళ్ళెంతో ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ వస్తున్నారు. ఆయన నా ముందుకు వచ్చేసరికి రెండు చేతులూ చాచాను. నా అరచేతిలో అప్పటికే నా బియ్యప్పిండి రొట్టె ముక్క ఉంది.

ఆయన పళ్ళెంలోకి పెట్టిన చెయ్యి అలాగే ఆగిపోయింది. నా చేతిలోకి చూశారు. తలెత్తి పెద్దల వరస వైపు చూశారు. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు. పాట కూడా ఆగింది. ఆయన పళ్ళెం ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచెయ్యి నా అరచేతి మీద ఆనించి, అందరికీ చెప్పే మాటలే నాకూ చెప్పారు. తర్వాత పక్కావిడ దగ్గరికి జరిగారు.

తిన్నాను. ఉప్పు మరిచిపోయినట్టు అప్పుడు తెలిసింది.

ఆరాధన ముగిశాక గుడి మెట్ల మీద గుంపు కట్టారు. సంఘ పెద్దలు ముగ్గురు, ఉత్తరీయాలు సర్దుకుంటూ, డాక్టరమ్మ కోసం వస్తున్నారు. నాకు ఈ తెగింపు నేర్పింది ఆవిడేనని వాళ్ళ నమ్మకం. వాళ్ళకంటే ముందు ఎవరో ఒకావిడ, వెనక బెంచీల్లో కూర్చునే మనిషి, చంకలో పిల్లాణ్ణి వేసుకుని డాక్టరమ్మ దగ్గరికి చేరింది. వీడికీ అంతేనమ్మా, రొట్టె పెట్టినప్పుడల్లా విరోచనాలే, ఎవరికి చెప్పినా నమ్మటం లేదు అని మెల్లిగా చెప్పుకుంది. డాక్టరమ్మ అక్కడే మెట్టు మీద చతికిలబడి, పిల్లాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని చొక్కా పైకి తీశారు. అరచేతులు చీరకేసి రుద్దుకోవటం మొదలుపెట్టారు.

పెద్దలు వచ్చి ఎదురుగా నిలబడ్డారు. వారిలో ఒకాయన గొంతు సవరించుకుని, మీతో మాట్లాడాలన్నారు.

"కాస్త ఆగండి," అన్నారు ఆవిడ తలెత్తకుండా. "పిల్లాడు ఏడుస్తున్నాడు."

ఎండ మొహాల మీద పడుతున్నా, వాళ్ళు ఆగారు.